ఇమ్యూనిటీ పెంచే డబ్బా

ఈ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా బాబాయి చెరువు గట్టు మీద, మోటారు షెడ్డులో ఒక డబ్బా చూశాను. నీలం రంగు, ఐదు లీటర్లది. దాని మీద చేప బొమ్మ, పక్కనే రొయ్య బొమ్మ, రెండింటికీ కలిపి ఒక డాలు గుర్తు. "ఇమ్యూనిటీ బూస్టర్" అని పెద్ద అక్షరాలు. 2020లో మన వాట్సప్ గ్రూపుల్లో కషాయాలకీ, జింకు బిళ్ళలకీ, ఆఖరికి అప్పడాలకి కూడా తగిలించిన మాట. మూడు నాలుగేళ్ళలో మనం మర్చిపోయాం గానీ, అది మాత్రం బతికే ఉంది. చెరువుల దాకా వచ్చింది.

"ఏరా, ఇంజనీరువి కదా, నువ్వు చెప్పు. ఇది పోస్తే చేపకి రోగాన్ని తట్టుకునే శక్తి పెరుగుద్దంట. ఎలా పెరుగుద్ది?" అన్నాడు బాబాయి.

"వైట్ సెల్స్ పెరుగుతాయేమో బాబాయ్" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే నాకు తెలుసు, నేను గాలి కొడుతున్నానని. స్టేటస్ కాల్‌లో మేనేజర్ అడిగినప్పుడు "లుకింగ్ ఇంటూ ఇట్" అంటాం చూడండి, సరిగ్గా అదే గొంతు.

కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి. బాబాయిది ఆకివీడు దగ్గర. ఆరెకరాల చెరువు, లీజు. బొచ్చె, శీలావతి వేస్తాడు (హైదరాబాదు వాళ్ళ కోసం: కట్ల, రోహు). ఒకసారి 'ఫంగస్' కూడా వేశాడు. కంగారు పడకండి, పంగాసియస్ చేపని మా వైపు అందరూ అలాగే పిలుస్తారు :). కార్తీక మాసంలో బొచ్చెలు పొద్దున్నే నీటి పైకొచ్చి నోళ్ళు తెరవడం మొదలెట్టాయి. మందుల కొట్టాయన వచ్చి చూసి "అడుగున గ్యాసు పట్టింది" అన్నాడు, ఏదో పొడి చల్లించాడు. తగ్గలేదు. రెండో వారం "బాక్టీరియా" అన్నాడు, మేతలో యాంటీబయాటిక్ కలిపించాడు. చచ్చిన చేపలు రోజుకి కాసిని గట్టుకి కొట్టుకొస్తూనే ఉన్నాయి. మూడో వారం "చేపలో ఇమ్యూనిటీ పడిపోయింది" అన్నాడు. అదీ ఈ డబ్బా కథ.

చివరికి పిన్ని వాళ్ళ అన్నయ్య కొడుకు, ఫిషరీస్ చదువుతున్నవాడు, బతికున్న బొచ్చెని ఆక్సిజన్ పట్టిన సంచిలో తీసుకెళ్ళి, మొప్ప ముక్క కోసి మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. మొప్ప నిండా సన్నటి పురుగులు. కొక్కేలతో మొప్పని పట్టుకుని వేలాడుతున్నాయట. డాక్టైలోగైరస్ అంటారు. పురుగు అన్నమాట, బాక్టీరియా కాదు. మీరు మేతలో ఎన్ని గ్రాముల యాంటీబయాటిక్ కలిపినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పురుగు మందు వేరే వేశాక సర్దుకుంది. కానీ అప్పటికి మూడు వారాలు పోయాయి. పట్టుబడి రోజు కాటా దగ్గర బాబాయి మొహం నేను చూడలేదు, బెంగళూరులో రిలీజ్ లో ఉన్నాను. పిన్ని ఫోన్‌లో చెప్పింది.

సంక్రాంతి సెలవులు అయిపోయాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. చేపకి రోగాన్ని తట్టుకునే శక్తి 'ఎలా పెరుగుద్ది'? ముందే చెప్పేస్తున్నా, నేను ఇంటర్లో ఎంపీసీ. బయాలజీ పుస్తకం చివరిసారి పట్టుకున్నది పదో తరగతిలో. ఐదారు వీకెండ్లు పేపర్లు చదివాను, సగం అర్థం కాలేదు. అర్థమైన సగం మాత్రం ఇక్కడ రాస్తున్నా. ఎందుకంటే ఆ సగానికే నాకు కోపం వచ్చింది.

మొదటి ఆశ్చర్యం, చేపకి ఎముక మజ్జ లేదు. అంటే మనకి రక్త కణాలు తయారయ్యే ఫ్యాక్టరీ దానికి అక్కడ లేదు. లింఫ్ గ్రంథులు కూడా లేవు. తల వెనకాల కిడ్నీ ముందు భాగం ఒకటుంటుంది, దాన్ని తల కిడ్నీ అనుకుందాం. పేరుకే కిడ్నీ, వడపోత పని ఎప్పుడో మానేసి రక్త కణాలు తయారు చేసే పనిలో పడింది. దానికి తోడు ప్లీహం, థైమస్. ఇంత చిన్న సెటప్‌తో, చుట్టూ నీళ్ళతో (ఆ నీళ్ళ ప్రతి చుక్కలో బాక్టీరియా ఉంటుందని గుర్తు పెట్టుకోండి) ఇన్ని కోట్ల ఏళ్ళుగా బతికేస్తోంది చేప.

రెండోది ముఖ్యమైనది. చేప కణం దాడికి దిగే ముందు ఒక ప్రశ్న వేస్తుంది: వచ్చింది ఎవరు?

దానికి కణం మీదా లోపలా సెన్సర్లు ఉంటాయి. టోల్ లైక్ రిసెప్టర్లు అంటారు, టీఎల్ఆర్ అని పొట్టి పేరు, వాటికి నెంబర్లు. టీఎల్ఆర్5 అనేది బాక్టీరియా ఈదడానికి వాడే తోకలోని ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. టీఎల్ఆర్3, టీఎల్ఆర్22 రెండూ వైరస్‌ల దగ్గర కనిపించే జంట పోగుల ఆర్‌ఎన్‌ఏని పట్టుకుంటాయి. ఇందులో 22వ నెంబరు మనకి లేదు, చేపకి ఉంది. ఫుగు చేప మీద 2008లో వచ్చిన పేపర్ ప్రకారం 3వది కణం లోపల కూర్చుని పొట్టి ముక్కల్ని పడుతుంది, 22వది కణం పైపొర మీద కూర్చుని పొడుగు ముక్కల్ని పడుతుంది. అంటే వైరస్ గుమ్మంలో ఉందా, ఇంట్లోకి వచ్చేసిందా అన్నది కూడా విడివిడిగా తెలుసుకునే ఏర్పాటు. మన లాగింగ్ లో ఇంత వివరం ఉంటే ప్రొడక్షన్ ఇష్యూలు సగం తగ్గుతాయి.

ఎవరొచ్చారో తెలిశాక జవాబు మారుతుంది. ఇక్కడ జీబ్రాఫిష్ గురించి చెప్పాలి. అక్వేరియంలో చారల చారల చిన్న చేప ఉంటుంది చూడండి, అదే. దాని పిల్ల అద్దంలా పారదర్శకంగా ఉంటుంది, మైక్రోస్కోపు కింద పెడితే లోపల తెల్లరక్తకణం ఎటు పరిగెడుతోందో లైవ్ లో కనిపిస్తుంది. పారిస్ లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2011లో ఒక తమాషా చూపించారు. ఈ చేపలో రెండు రకాల తిండిపోతు కణాలున్నాయి, మాక్రోఫేజ్, న్యూట్రోఫిల్. ఒకే బాక్టీరియాని రక్తంలోకి ఎక్కిస్తే మాక్రోఫేజ్‌లు పట్టుకుని మింగేశాయి, న్యూట్రోఫిల్స్ పెద్దగా ఏమీ చేయలేకపోయాయి. అదే బాక్టీరియాని చర్మం కింద కండరాల మీద పరిస్తే న్యూట్రోఫిల్స్ వచ్చి తుడిచినట్టు మింగేశాయి. అంటే న్యూట్రోఫిల్ అనేది గచ్చు తుడిచే గుడ్డ లాంటిది, బకెట్లో తేలే చెత్తని తీయలేదు. వచ్చింది ఎవరు అన్నదొక్కటే కాదు, ఎక్కడికి వచ్చాడు అన్నదాన్ని బట్టి కూడా పనివాడు మారిపోతున్నాడు.

వైరస్ వస్తే లెక్క వేరు. వైరస్ కణం లోపల దాక్కుంటుంది, దాన్ని బయట వెతికి మింగడం కుదరదు. అందుకని దాడికి గురైన కణం ఇంటర్ఫెరాన్ అనే కబురు పంపుతుంది, చుట్టుపక్కల కణాలు తలుపులు వేసుకుని, లోపల కాపీ కొట్టే యంత్రాల్ని ఆపుకుంటాయి. ఈ పనిలో చేప ఎర్రరక్తకణం కూడా చెయ్యి వేస్తుంది. మన ఎర్రకణానికి కేంద్రకం ఉండదు, అది ఆక్సిజన్ మోసే ఖాళీ సంచి. చేప ఎర్రకణానికి కేంద్రకం ఉంది, జన్యువులున్నాయి, వైరస్‌ని గుర్తుపట్టి జవాబిస్తుంది. ఇంకా విచిత్రం, యాంటీబాడీలు తయారు చేసే బి-కణాలు మన పుస్తకాల్లో కేవలం ఆఫీసర్లు. చేపలో అవి బాక్టీరియాని స్వయంగా మింగుతాయని 2006లో బయటపడింది. చిన్న టీము కదా, అందరూ అన్ని పనులూ చేస్తారు. స్టార్టప్ అనుకోండి.

మరి మింగడానికి వీల్లేనంత పెద్దదొస్తే? చెరువుల్లో ఈయూఎస్ అనే జబ్బు ఉంది, ఒంటి మీద ఎర్రటి పుండ్లు పడి కండ ఊడిపోతుంది. 1988లో ఈశాన్య రాష్ట్రాల మీదుగా దేశంలోకి వచ్చింది. దాన్ని కలిగించేది అఫానోమైసిస్ ఇన్వాడెన్స్, చూడ్డానికి బూజు లాంటిది, నిజానికి బూజుల జాతి కాదు. చర్మం మీద విత్తనం పడి, పోగులు పోగులుగా కండలోకి దిగిపోతుంది. ఆ పోగు పక్కన తెల్లకణం ఎంత? తాటిచెట్టు పక్కన చీమంత. అందుకని కణాలు మింగే ప్రయత్నం మానేసి పోగు చుట్టూ గుమిగూడి, ఒకదానికొకటి అతుక్కుని గోడ కట్టేస్తాయి. బంగారుతీగ చేపలో ఈ గోడ గట్టిగా, త్వరగా లేస్తుంది, అందుకే అది చాలావరకు బతికి బట్టకడుతుంది. బొచ్చె, శీలావతుల్లో గోడ లేచేలోపే పోగు లోపలికి వెళ్ళిపోతుంది. అదే చెరువు, అదే నీళ్ళు, అదే శత్రువు. మరి బంగారుతీగకి 'ఇమ్యూనిటీ ఎక్కువ' అందామా? ఈ శత్రువుకి మాత్రం ఎక్కువ. ఇదే బంగారుతీగని కోయి హెర్పిస్ వైరస్ ఊచకోత కోస్తుంది, దానికి బొచ్చె మీద ఆసక్తి లేదు.

ఇప్పుడు నా కోపానికి అసలు కారణమైన పేపర్ల దగ్గరికొస్తున్నా. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి.

నెదర్లాండ్స్ లోని వాగెనింగెన్ యూనివర్సిటీ వాళ్ళు చాలా ఏళ్ళుగా బంగారుతీగ తల కిడ్నీ నుంచి మాక్రోఫేజ్‌లు తీసి పెంచుతున్నారు. 2006లో వాళ్ళు చూపించింది ఇదీ. మాక్రోఫేజ్ దగ్గర ఆర్జినైన్ అనే ముడిసరుకు ఉంటుంది. బాక్టీరియా గోడ ముక్క తగిలిస్తే ఆ కణం ఆర్జినైన్‌తో నైట్రిక్ ఆక్సైడ్ తయారు చేస్తుంది, అది విషం, చంపడానికి. ఇంకో రకం సంకేతం ఇస్తే అదే కణం అదే ఆర్జినైన్‌ని ఆర్జినేజ్ అనే వేరే ఎంజైముకి అప్పగిస్తుంది. అప్పుడు తయారయ్యేది విషం కాదు, గాయం మాన్పడానికి పనికొచ్చే సరుకు. ఒకే బియ్యం బస్తా. దాంతో ఒక రోజు కల్లు కోసం ఈస్టు పెంచుకోవచ్చు, ఇంకో రోజు పిల్లలకి అన్నం వండొచ్చు (పోలిక మరీ అంత బాగా కుదరలేదు, సర్దుకుపోండి). ఒకదానికి ఎక్కువ వాడితే రెండోదానికి తగ్గుతుంది.

ఇప్పుడు చెప్పండి. ఈ కణం 'శక్తి పెంచడం' అంటే ఏది పెంచడం?

వాళ్ళే ఇంకో అడుగు ముందుకేశారు. బంగారుతీగ రక్తంలో బతికే రెండు పరాన్నజీవులున్నాయి, ట్రిపనోప్లాస్మా బొరేలి, ట్రిపనోసోమా కరాసి. రెండూ ఒకే కులం లాంటివి. రెండిటినీ జలగలే మోసుకొస్తాయి. రెండూ రక్తంలో ఈదుతాయి. మొదటిది ఎక్కితే చేప రక్తంలో నైట్రిక్ ఆక్సైడ్ విపరీతంగా పెరుగుతుంది. రెండోది ఎక్కితే ఆ పెరుగుదల లేదు, కణాలు ఆర్జినేజ్ వైపు మొగ్గుతాయి. తమాషా ఏమిటంటే, మొదటి కేసులో చేప అంత కష్టపడి తయారు చేసిన విషం ఆ పరాన్నజీవికి పట్టదు. పట్టేది ఎవరికీ అంటే చేప సొంత తెల్లకణాలకి, అవి పెరగకుండా ఆగిపోతాయి. పరాన్నజీవిని నిజంగా వదిలించేది తర్వాత మెల్లగా తయారయ్యే యాంటీబాడీలు, వాటితో కలిసి పనిచేసే కాంప్లిమెంట్ ప్రోటీన్లు. అంటే ఇక్కడ చేప ఇమ్యూనిటీ 'పడిపోలేదు'. ఫుల్లుగా పెరిగింది, తప్పు దిక్కున పెరిగింది. మూడో వారంలో మన కొట్టాయన వచ్చి దీనికి బూస్టర్ పోస్తే, అది నిజంగా పనిచేసే మందే అయితే, చేప ఇంకాస్త త్వరగా పోతుంది.

ఈ ఒక్క విషయం తెలిశాక ఆ డబ్బా మీది డాలు బొమ్మ చూస్తే నాకు నవ్వు రాలేదు.

రోగనిరోధక శక్తి అన్న మాటే మనల్ని తప్పుదోవ పట్టిస్తోందని నా అనుమానం. తెలుగులో 'శక్తి' అనగానే అది కొలిచే వస్తువు అయిపోతుంది. ట్యాంకులో నీళ్ళలా తక్కువైతే నింపొచ్చు అనిపిస్తుంది. నిజానికి అది తీర్పు చెప్పే పని. ఎవడొచ్చాడు, ఎక్కడున్నాడు, వీడికి విషమా, గోడా, కబురా, యాంటీబాడీయా? తీర్పు తప్పితే బలం ఎంతున్నా దండగే. బలం ఉన్నకొద్దీ ఇంకా నష్టం. 2020, 2021లో కరోనా వార్డుల్లో ఊపిరితిత్తుల్ని పాడుచేసింది చాలామందిలో ఆ అదుపు తప్పిన స్పందనేనని, అందుకే దాన్ని అణచడానికి డాక్టర్లు స్టెరాయిడ్లు ఇచ్చారని మనలో చాలామందికి ఇంట్లోవాళ్ళ ప్రిస్క్రిప్షన్ల ద్వారా తెలుసు. అదే ఏడాది అదే ఇంట్లో పొద్దున్నే ఇమ్యూనిటీ కషాయం కూడా తాగాం.

సూక్ష్మజీవులకి మాత్రం ఇది తీర్పు వ్యవహారమని బాగా తెలుసు, అందుకే అవి బలంతో కాదు, జడ్జిని మాయ చేసి గెలుస్తాయి. జీబ్రాఫిష్‌కి క్షయ లాంటి జబ్బు తెచ్చే మైకోబాక్టీరియం మరినం అనేది ఒకటుంది. లలితా రామకృష్ణన్ గారి బృందం 2014లో చూపించినదాని ప్రకారం అది తన ఒంటి మీది గుర్తుల్ని ఒక కొవ్వు పొరతో కప్పేసుకుంటుంది, సెన్సర్లకి దొరకదు. దొరక్కపోవడమే కాదు, ఇంకో కొవ్వుతో తనని చంపలేని మెతక మాక్రోఫేజ్‌లని పిలిపించుకుని, వాటిలో ఎక్కి కూర్చుంటుంది. పోలీసు జీపులో లిఫ్ట్ అడిగి వెళ్ళే దొంగ.

ఇంకోటి మరీ దుర్మార్గం. చేప చల్లరక్తపు జీవి, మనలా ఒంట్లో జ్వరం తెచ్చుకోలేదు. అందుకని రోగం వస్తే వెచ్చటి నీళ్ళలోకి వెళ్ళి కూర్చుంటుంది, అదే దాని జ్వరం. బెల్జియంలో లీజ్ యూనివర్సిటీ వాళ్ళు 2017లో కోయి హెర్పిస్ వైరస్ పట్టిన బంగారుతీగల్ని 24, 28, 32 డిగ్రీల గదులున్న తొట్టిలో వేసి, ఇష్టమొచ్చిన చోటికి వెళ్ళనిచ్చారు. అవి 32కి వెళ్ళిపోయాయి, బతికాయి. 24 డిగ్రీల్లోనే బంధించినవాటిలో ఎక్కువ పోయాయి. అయితే అవి వెళ్ళడం ఆలస్యమైంది. ఎందుకంటే ఆ వైరస్ దగ్గర ఒక జన్యువు ఉంది, అది 'జ్వరం తెచ్చుకో' అని మెదడుకి వెళ్ళే కబురుని దారిలోనే పట్టేసుకుంటుంది. ఆ జన్యువు తీసేసిన వైరస్‌ని ఎక్కిస్తే చేపలు ముందే వెచ్చదనం వైపు పరిగెత్తాయి. ఇది చదివాక బాబాయి చెరువు గుర్తొచ్చింది. ఐదారడుగుల లోతు, ఎటు చూసినా ఒకే వేడి. పాపం దానికి జ్వరం తెచ్చుకునే చోటే లేదు.

సరే, ఇక మన సంగతి. చేప వేసుకునే మొదటి ప్రశ్నని మనం వేయం. నోళ్ళు తెరుస్తోందా, యాంటీబయాటిక్. మచ్చలా, యాంటీబయాటిక్. మేత తినట్లేదా, మేతలో కలిపిన యాంటీబయాటిక్ (ఇది మరీ! రోగం వచ్చిన చేప మొదట మానేసేదే మేత. ఆ మందంతా తినేది ఆరోగ్యంగా ఉన్న చేప, మిగిలింది నీళ్ళపాలు. ఆ నీళ్ళలో బాక్టీరియా దానికి అలవాటు పడుతుంది, ఆ తర్వాత నిజంగా బాక్టీరియా జబ్బు వచ్చిన రోజున ఆ మందు పనిచేయదు). వచ్చే ఎక్సెప్షన్లన్నిటినీ ఒకే క్యాచ్ బ్లాక్‌లో పట్టుకుని, లోపల 'రీట్రై' అని రాసి ఇంటికెళ్ళిపోయే డెవలపర్‌ని మనం కోడ్ రివ్యూలో నిలబెట్టి కడిగేస్తాం. చెరువు గట్టు మీద అదే పని చేసేవాడికి బస్తాల లెక్కన డబ్బులిస్తున్నాం.

ఆ డబ్బాలో ఉన్నదంతా మోసం అని నేననడం లేదు. వెనకాల సన్నక్షరాల్లో బీటా గ్లూకాన్ అని ఉంది. అది ఈస్టు, బూజుల గోడల్లో ఉండే పదార్థం. దాన్ని చేప కణాలు నిజంగానే గుర్తుపడతాయి, 'ఏదో బూజు వచ్చింది' అనుకుని సిద్ధమవుతాయి. రోగం రాకముందు, సరైన మోతాదులో, కొద్ది రోజులు ఇస్తే కొన్ని జబ్బుల్లో చావులు తగ్గినట్టు ప్రయోగాలున్నాయి. అది ఫైర్ డ్రిల్ లాంటిది. ఇల్లు తగలబడుతున్నప్పుడు ఫైర్ డ్రిల్ పెట్టడం ఏమిటి? నెలల తరబడి ఆపకుండా ఇస్తే స్పందన మొద్దుబారిపోతుందని కూడా అదే పరిశోధకులు రాశారు. డబ్బా మీద ఆ ముక్క లేదు.

ఆ రొయ్య బొమ్మ సంగతి కూడా. రొయ్యకి యాంటీబాడీలే లేవు. మనకీ చేపకీ ఉన్న, ఒకసారి వచ్చినవాడిని గుర్తు పెట్టుకునే ఆ విభాగం దానికి పూర్తిగా లేదు. చేపా రొయ్యా ఈ విషయంలో మనిషికీ బొద్దింకకీ ఉన్నంత దూరం. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి కోస్తా అంతా రొయ్యల చెరువులు తుడిచిపెట్టుకుపోయినప్పుడు, పొలాలమ్ముకున్నవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. ఆ దెబ్బ నుంచి కోలుకున్నది ఏ బూస్టర్ వల్లా కాదు. 2009లో వనామీని అనుమతించి, వైరస్ లేదని పరీక్ష చేసిన తల్లి రొయ్యల్నుంచి పిల్ల తెచ్చుకోవడం మొదలెట్టాక. అంటే అక్కడ కూడా పనిచేసింది 'ఎవరున్నారో చూడ్డం'. మరి ఆ రెండు జీవాలకీ ఒకే డబ్బా, ఒకే డాలు ఎలా గీశారో గీసినాయనకే తెలియాలి.

నార్వే వాళ్ళ లెక్క చూడండి. 1987లో వాళ్ళు సాల్మన్ చేపలకి దాదాపు 50 టన్నుల యాంటీబయాటిక్స్ వాడారు, అప్పటి ఉత్పత్తి 50 వేల టన్నుల దరిదాపుల్లో. తర్వాత ఏ బాక్టీరియా చంపుతోందో చూసుకుని దానికే టీకా తయారు చేసుకున్నారు. ఇవాళ పది లక్షల టన్నులు దాటి పండిస్తున్నారు, యాంటీబయాటిక్ వాడకం 99 శాతం తగ్గిపోయింది. టీకా అంటే ఏమిటి? చేప జడ్జికి ముద్దాయి ఫొటో ముందే ఇవ్వడం. శక్తి పెంచలేదు, సమాచారం ఇచ్చారు.

ఈ మాట ఆఫీసులో లంచ్ దగ్గర అంటే మా టీములో ఒకాయన (భీమవరమే, వాళ్ళకీ చెరువులున్నాయి) చక్కగా ఎదురడిగాడు. "సాల్మన్ కిలో ధరెంత, శీలావతి కిలో ధరెంత? ఒక్కో చేపనీ పట్టుకుని సూది వేస్తే కూలీ ఎవరిస్తారు? ఏసీలో కూర్చుని నువ్వు చెప్తావు." నిజమే. సూదుల సంగతిలో ఆయనే కరెక్టు, మన చెరువులకి ఆ దారి ఇప్పట్లో కుదరదు. రైతుని తిట్టడం కూడా నా ఉద్దేశం కాదు. కొట్టాయన అప్పిస్తాడు. మేత మీద, మందు మీద, పట్టుబడి దాకా. ల్యాబు అప్పివ్వదు. ల్యాబుకి బతికున్న చేప కావాలి, చచ్చి రెండు గంటలైన చేప మొప్పలో ఏమీ సరిగ్గా తెలియదు, పురుగులు కూడా వదిలేసి పోతాయి. పొద్దున్నే ఐదింటికి నోళ్ళు తెరుస్తున్న చేప, పదింటికి తెరిచే ల్యాబు, మధ్యలో ఫోన్ చేస్తే పది నిమిషాల్లో బండేసుకొచ్చే కొట్టాయన. నేనైనా ఆయన్నే పిలుస్తాను.

కానీ ఆ కొట్టులోనే ఒక మైక్రోస్కోపు ఎందుకుండకూడదు? మామూలుది, కాలేజీల్లో వాడేది, మన జేబుల్లో ఉన్న ఫోన్ ఖరీదు కూడా ఉండదు. అది వైరస్‌ని చూపించదు, బాక్టీరియా పేరు చెప్పదు, ఒప్పుకుంటా. కానీ మొప్పలో పురుగుందా, తెల్లటి తిత్తులున్నాయా, పుండులో పోగులున్నాయా అన్నది ఐదు నిమిషాల్లో చెప్తుంది. 'యాంటీబయాటిక్ అక్కర్లేదు' అన్న ఒక్క జవాబు దొరికినా చాలు. మనిషికి మందుల షాపులో షెడ్యూల్ హెచ్ మందుకి చీటీ అడగాలని రూలుంది (పాటిస్తారా అన్నది వేరే టపా). చెరువుకి యాంటీబయాటిక్ అమ్మేటప్పుడు ఒక గాజు పలక మీద మొప్ప ముక్క చూశామన్న కాగితమైనా అడగొద్దా? ఆ చేప చివరికి వెళ్ళేది మన కంచాల్లోకే, కలకత్తా వాళ్ళ కంచాల్లోకి, గౌహతి వాళ్ళ కంచాల్లోకి.

మనం యాప్‌లు రాస్తున్నాం, నీటి నాణ్యతకి సెన్సర్లంటున్నాం, ఏఐతో చేప జబ్బు ఫొటో చూసి చెప్తామంటున్నాం. మంచిదే. అయితే ఫొటోలో కనిపించేది ఎర్ర మచ్చ. ఎర్ర మచ్చ అంటే చేప ఇచ్చిన జవాబు, వాపు, రక్తం. ప్రశ్న ఎవరు వేశారన్నది అందులో ఉండదు. పురుగు కొరికినా, బాక్టీరియా తిన్నా, వల గీరుకున్నా పైకి అదే ఎరుపు. ఈ మధ్య అలాంటి ఒక డెమో చూసి నాకు కలిగిన భయం, కొట్టాయన స్థానంలో మనం అదే పని ఇంకా వేగంగా చేస్తామేమోనని.

పోయిన ఆదివారం బాబాయికి ఫోన్ చేసి ఆర్జినైన్ గురించి చెప్పడం మొదలెట్టాను. రెండు నిమిషాలు విన్నాడు. "అయితే ఆ డబ్బా పోయొద్దంటావ్" అన్నాడు. "రోగం వచ్చాక పోయొద్దు బాబాయ్, ముందసలు ఏం వచ్చిందో చూడు" అన్నాను. "మిగిలింది సగం ఉందిరా, పద్దెనిమిది వందలు పెట్టి కొన్నా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. మైక్రోస్కోపు నేను ఆర్డర్ పెట్టాను, ఆకివీడు అడ్రసుకి. గాజు పలకలు, పైన పెట్టే పల్చటి అద్దం బిళ్ళలు విడిగా కొనాలట, అది ఆర్డర్ వెళ్ళిపోయాక చూశాను. అవి రావడానికి ఇంకో వారం పడుతుంది.